డోలు, డబ్బా, డిగ్రీ: తాళవాద్య బృందాలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీలో చేరాడు. అక్కడి పెర్కషన్ బృందానికి పెద్ద చరిత్ర ఉందంటున్నాడు. డ్రమ్ములు వాయించే విద్యార్థి బృందానికి అంత ప్రాముఖ్యం ఎందుకు?
– పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఎందుకంటే అక్కడ అది సాయంత్రం పూట సరదాగా చేరే బృందం కాదు, మార్కులుండే సబ్జెక్టు. పాల్ ప్రైస్ అనే అధ్యాపకుడు 1950లో తాళవాద్య బృందాన్ని క్రెడిట్లున్న కోర్సుగా పెట్టించారు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఇలాంటి కోర్సు ఇదే మొదటిదని చెబుతారు.

అంతకుముందు ఈ సంగీతం లేకపోలేదు. స్వరకర్త ఎడ్గార్ వరేజ్ 13 మంది వాద్యకారుల కోసం రాసిన ‘అయొనైజేషన్’ను 1933 మార్చి 6న న్యూయార్క్‌లో తొలిసారి వాయించారు. 1930ల చివర్లో మరో స్వరకర్త జాన్ కేజ్ సియాటిల్‌లోని కార్నిష్ స్కూల్లో ఒక బృందం నడిపారు. కానీ నడిపే మనిషి ఊరు మారితే బృందమూ చెదిరిపోయేది. బృందం కోర్సుగా మారాక గది, వాద్యాలు, సాధన వేళలు, కచేరీ తేదీ అన్నీ ఖాయమయ్యాయి. ఏటా కొత్త విద్యార్థులు వచ్చారు. 1956లో ప్రైస్ వెళ్లిపోయినా బృందం ఆగలేదు. జాక్ మెకెంజీ, తర్వాత థామస్ సివే దాన్ని ముందుకు నడిపించారు. నా దృష్టిలో ఆ బృందం సాధించిన వాటిలో అన్నిటికంటే పెద్దది ఇదే.

రెండోది, కొత్త రచనలు. షికాగో ప్రాంతం నుంచి జాజ్ డ్రమ్మర్‌గా వచ్చిన మైకేల్ కోల్‌గ్రాస్ అప్పట్లో ఉన్న రచనలు తనకు నచ్చలేదని ప్రైస్‌తో అంటే, అయితే నువ్వే రాయి అన్నారాయన. అలా 1951లో 9 మంది వాయించే ‘త్రీ బ్రదర్స్’ పుట్టింది. అందులో అన్నదమ్ములు ముగ్గురు: బాంగో (చిన్న జంట డోళ్లు), స్నేర్ డ్రమ్ (అడుగున తీగలుండే డ్రమ్), టింపనీ (పెద్ద భేరీలు). మిగతా ఆరుగురూ వాళ్లకు అండ. నేటికీ కాలేజీ బృందాలు దీన్ని వాయిస్తూనే ఉన్నాయి. కోల్‌గ్రాస్‌కు 1978లో సంగీతానికి ఇచ్చే పులిట్జర్ బహుమతి వచ్చింది. అదీ నలుగురు తాళవాద్యకారులు, ఆర్కెస్ట్రా కలిసి వాయించే ‘దేజా వూ’కే. ప్రైస్ ‘మ్యూజిక్ ఫర్ పెర్కషన్’ అనే ప్రచురణ సంస్థ కూడా నడిపారు. స్వరలిపి అచ్చులో దొరకబట్టే మిగతా కాలేజీలు ఆ దారి పట్టగలిగాయి.

ప్రశ్న: ఇలాంటి బృందాల్లో ఏది మంచిదో పోటీ ఫలితాలు చూసి తేల్చవచ్చా?
– పాఠకుడు, వరంగల్

జవాబు: కొంతవరకే. 1961లో మొదలైన పెర్కసివ్ ఆర్ట్స్ సొసైటీ నిర్వహించే పోటీలో ఏ కాలేజీదో తెలియకుండా రికార్డింగులు విని ఎంపిక చేస్తారు, గెలిచినవారిని వార్షిక సమావేశంలో వాయించమని పిలుస్తారు. అది నిజమైన గౌరవమే. అయినా ఆ బృందం ఎన్ని కొత్త రచనలు రాయించింది, అక్కడ చదివినవాళ్లు ఎక్కడెక్కడ పాఠం చెబుతున్నారు అన్నవి కూడా అడగండి. ఓక్లహోమా విశ్వవిద్యాలయ బృందానికి పేరు రావడానికి, 1970ల చివరి నుంచి రిచర్డ్ గిప్సన్ పట్టుబట్టి కొత్త రచనలు రాయించడం ఒక ముఖ్య కారణం.

ప్రశ్న: మా ఇంజినీరింగ్ కాలేజీలో నలుగురం కలిసి బృందం కడుతున్నాం. డబ్బు లేదు. రెండు డప్పులు, ఒక స్నేర్ డ్రమ్ ఉన్నాయి. ఏం వాయించాలి, ఎలా మొదలుపెట్టాలి?
– విద్యార్థి, కాకినాడ

జవాబు: నలుగురికి సరిపడే గొప్ప రచన కేజ్ 1941లో రాసిన ‘థర్డ్ కన్‌స్ట్రక్షన్’. అందులో 24 భాగాలు, ఒక్కో భాగంలో 24 బార్లు (తాళ కొలతలు). అందులో ఒక్కొక్కరి ముందు మిగతా వాద్యాలతో పాటు ఐదేసి రేకు డబ్బాలుంటాయి. మొదటి ఏడాదే దాని జోలికి వెళ్లవద్దు, చాలా కష్టం. కానీ డబ్బాలు ఇప్పుడే సిద్ధం చేసుకోండి.

ఒక్కొక్కరికి ఐదు సైజులు: చిన్న పాలపొడి డబ్బా మొదలు పెద్ద నూనె డబ్బా దాకా, శ్రుతి మెట్టుమెట్టుగా దిగాలి. మూత తీసి, అంచు మడిచి, కాగితం లేబుల్ పూర్తిగా ఊడదీయండి. అది ఉంటే నాదం మందగిస్తుంది. డబ్బాను బోర్లించి నేరుగా బల్ల మీద పెడితే మూతి మూసుకుపోయి ధ్వని చస్తుంది. రెండు స్పాంజి పట్టీల మీద ఆనించండి. సొట్ట పడిన డబ్బా శ్రుతి మారుతుంది, కాబట్టి ప్రతి సైజులో ఒకటి అదనంగా ఉంచుకోండి. పాత ఇనుము దుకాణంలో కారు బ్రేక్ డ్రమ్ములు దొరుకుతాయి. గ్రీజు కడిగి, తట్టి చూసి నాలుగు వేర్వేరు శ్రుతులవి ఎంచుకోండి.

డప్పును కచేరీకి ముందు మంట దగ్గర కాచినా, ఏసీ హాలులో కాసేపటికే తోలు వదులవుతుంది. కాబట్టి డప్పు ఎక్కువగా ఉన్న అంశాన్ని మొదట్లోనే పెట్టండి.

నిలబడే తీరు అన్నిటికంటే ముఖ్యం. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ఇద్దరి మధ్య 10 మీటర్ల దూరముంటే ఒకరి దెబ్బ మరొకరికి 29 మిల్లీసెకన్లు ఆలస్యంగా వినిపిస్తుంది. నిమిషానికి 120 దెబ్బల వేగంలో ఒక్కో దెబ్బను నాలుగు చేస్తే ఒక్కో భాగం 125 మిల్లీసెకన్లు. అందులో నాలుగో వంతు దారిలోనే పోయిందన్నమాట. దాన్ని చెవితో సరిచేద్దామనుకుంటే వేగం తగ్గుతూ వస్తుంది. అందుకే అర్ధచంద్రాకారంలో దగ్గరగా నిలబడండి, ఒకరి చేతులు మరొకరికి కనిపించాలి.

సాధనలో ముందు లయను నోటితో చెప్పించండి, తర్వాత అసలు వేగంలో 60 శాతంతో మెట్రోనోమ్ (సమానంగా టక్‌టక్‌మని వేగం చూపే పరికరం) పెట్టి వాయించండి. తడబాటు లేకుండా రెండుసార్లు వస్తే మెట్రోనోమ్ ఆపేసి వాయించండి. చాలా బృందాలు ఈ చివరి మెట్టు వదిలేస్తాయి, వేదిక మీద అక్కడే దొరికిపోతాయి. పుల్లలు పెట్టే పళ్లెంలో తువ్వాలు పరచండి, లేకపోతే పుల్ల మార్చిన ప్రతిసారీ టక్కుమంటుంది. బల్ల మీది అమరికను ఫోటో తీసి ఉంచుకుంటే మరుసటిసారి గంట పని పది నిమిషాల్లో అవుతుంది.

ప్రశ్న: మా పాఠశాల మరింబా ఎండాకాలంలో పేలవంగా పలుకుతోంది. కడ్డీలు పాడయ్యాయా?
– సంగీత ఉపాధ్యాయిని, హైదరాబాద్

జవాబు: మరింబా అంటే వరుసగా పేర్చిన చెక్క కడ్డీలను పుల్లలతో కొట్టి వాయించే వాద్యం, ఒక్కో కడ్డీ కింద నాదాన్ని పెంచే గొట్టం ఉంటుంది. వేడికి రోజ్‌వుడ్ కడ్డీ శ్రుతి కొద్దిగా దిగుతుంది, కింది గొట్టంలోని గాలి శ్రుతి పెరుగుతుంది. రెండూ ఎడమైతే గొట్టం ఆ స్వరాన్ని పట్టుకోలేదు, నాదం పలచబడుతుంది. వాద్యాన్ని వాయించబోయే గదిలోకి ఒకరోజు ముందే చేర్చండి. కొన్ని మరింబాల్లో కింది స్థాయి గొట్టాల మూతలు జరుపుకోవచ్చు, మీది అలాంటిదేమో చూడండి. అప్పటికీ ఒకటి రెండు కడ్డీలే మూగగా ఉంటే వాటి తాడు, రబ్బరు ఆసరాలు పరీక్షించండి, తర్వాత కడ్డీ అడుగున పగులు వెతకండి. లోహపు కడ్డీలుండే గ్లాకెన్‌స్పీల్‌కు వాడే ఇత్తడి మ్యాలెట్లతో (గుండు తలల పుల్లలతో) మరింబాను కొట్టినచోట పగుళ్లు మామూలే.

ప్రశ్న: మృదంగం నేర్చుకున్నవాడు ఈ పాశ్చాత్య బృందాల్లో ఇమడగలడా?
– పాఠకుడు, నెల్లూరు

జవాబు: ఇమడగలడు. దారి ఇప్పటికే పడింది. మొదటి జవాబులో చెప్పిన పాల్ ప్రైస్ ఇల్లినాయ్ వదిలాక న్యూయార్క్‌లోని మన్‌హట్టన్ స్కూల్ ఆఫ్ మ్యూజిక్‌కు వెళ్లారు. అక్కడ ఆయన దగ్గర చదివిన జాన్ బెర్గామో, కాలిఫోర్నియాలోని కాల్‌ఆర్ట్స్‌లో తాళవాద్య విభాగాన్ని నిలబెట్టారు, మృదంగ విద్వాంసుడు టి. రంగనాథన్ దగ్గర మన తాళపద్ధతి నేర్చుకున్నారు. మీకు కొన్నక్కోలు (జతులను నోటితో చెప్పడం) వచ్చు కాబట్టి 5, 7 లెక్కలు వాళ్లకంటే తేలిక. కష్టమల్లా స్వరలిపి చదవడంలోనే. ఏదైనా స్నేర్ డ్రమ్ పుస్తకం తీసుకుని రోజుకు అరగంట, వాయించకుండా, ముందు జతులతో చదవండి. తర్వాత పుల్లలు పట్టండి. ఇంకో అలవాటు కూడా మార్చుకోవాలి: అక్కడ తీర్మానం (మనకు తోచిన ముగింపు జతులు) వేసే స్వేచ్ఛ ఉండదు, కాగితం మీద ఎన్ని దెబ్బలుంటే అన్నే.