హెడ్‌లైట్ వైపర్ మోటారు పట్టేస్తే

ప్రశ్న: మా 1989 వోల్వో 240కి హెడ్‌లైట్ల మీద చిన్న వైపర్లు ఉన్నాయి. వాషర్ మీట లాగితే ఎడమది తుడుస్తోంది, కుడిది కదలడం లేదు. నీళ్లు మాత్రం రెండు లైట్ల మీదా పడుతున్నాయి. కొత్త మోటారు దొరకలేదు. పాతదాన్ని విప్పి బాగుచేసుకోవచ్చా? ఇక్కడ చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, పది కిలోమీటర్లు పోయేసరికి లైట్లు మసకబారిపోతాయి. – ఒక పాఠకుడు, గోథెన్‌బర్గ్, స్వీడన్

జవాబు: చేసుకోవచ్చు. ఈ మోటార్లు కాలిపోవడం తక్కువ, నీళ్లు దిగి పట్టేయడమే ఎక్కువ. పాత సామాన్ల దుకాణంలో ఇంకొకటి కొన్నా అదీ అన్నేళ్లు ఉప్పునీళ్లలో నానిందే కాబట్టి దాన్నీ ఇలాగే విప్పి శుభ్రం చేయాల్సిందే. ఆ పని మీ మోటారుకే చేయండి.

ఎడమది పనిచేస్తోందంటే స్విచ్ బాగానే ఉన్నట్టు. కుడి మోటారు ప్లగ్గు ఊడదీసి, ఇగ్నిషన్ వేసి, మీట లాగి పట్టుకోమని ఒకరికి చెప్పి, టెస్ట్ ల్యాంపుతో (తీగలు తగిలించిన చిన్న బల్బుతో) చూడండి. మల్టీమీటరును నమ్ముకోవద్దు. తీగ లోపల పచ్చగా చిలుము పట్టి ఒక్క పోగే మిగిలినా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది, కానీ ఆ పోగు మోటారును తిప్పలేదు. బల్బు వెలిగితేనే కరెంటు నిజంగా వస్తున్నట్టు. మీట లాగినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే తీగ ఒకటి, ఇగ్నిషన్ ఉన్నంతసేపూ ఉండే తీగ ఒకటి, ఎర్త్ ఒకటి ఉండాలి. ప్లగ్గులోని ఎర్త్‌తో వెలగని బల్బు బాడీ ఇనుముకు తాకిస్తే వెలిగిందా, మోటారు జోలికి పోనక్కర్లేదు. ఎర్త్ బిగించిన చోట తుప్పు గీకి, మళ్లీ బిగిస్తే సరిపోతుంది.

కరెంటు వస్తున్నా తిరగకపోతే విప్పాలి. ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. వైపర్ పుల్ల ఆగి ఉన్నచోట లైటు అద్దం మీద టేపు అంటించి గుర్తు పెట్టుకోండి. నట్టు తీశాక పుల్ల రాకపోతే స్క్రూడ్రైవర్‌తో ఎగదన్నొద్దు, అద్దం పగులుతుంది. తుప్పు వదిలించే నూనె పోసి ఒక రాత్రి వదిలేసి, మర్నాడు అటూఇటూ ఆడిస్తూ లాగండి. నీటి గొట్టం చలికి పెళుసెక్కి ఉంటుంది, వేడినీళ్లలో ముంచిన గుడ్డ చుట్టి మెత్తబడ్డాక తీయండి.

మోటారు బల్ల మీదికి వచ్చాక నేరుగా బ్యాటరీకి తగిలించొద్దు. మధ్యలో 21 వాట్ల ఇండికేటర్ బల్బు ఒకటి, 5 ఆంపియర్ల ఫ్యూజు ఒకటి పెట్టి, ఎర్త్‌కు బ్యాటరీ నెగటివ్, మీట తీగకు పాజిటివ్ ఇవ్వండి. బల్బు మసగ్గా వెలిగి మోటారు నెమ్మదిగా తిరిగితే మోటారులో దోషం లేనట్టే, ప్లగ్గు మళ్లీ చూడండి. బల్బు నిండుగా వెలిగి మోటారు కదలకపోతే పట్టేసింది. బల్బు అసలు వెలగకపోతే లోపల కనెక్షన్ తెగింది, చాలాసార్లు కార్బన్ బ్రష్ (తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్క) అరిగో, దాని గూట్లో ఇరుక్కుపోయో ఉంటుంది.

గేర్ల మూత స్క్రూలు తుప్పుతో మొండికేస్తాయి. బాగా కాగిన సోల్డరింగ్ ఐరన్ మొనను ఒక్కో స్క్రూ తల మీద రెండు నిమిషాలు ఆనించి, తలకు సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్‌తో తిప్పితే వస్తాయి. మోటారు డబ్బా విడదీసే ముందు డబ్బా మీదా గేర్ల పెట్టె మీదా కలిసేలా ఒక గీత గీయండి. ఇది మర్చిపోయి డబ్బాను సగం చుట్టు తిప్పి బిగిస్తే లోపలి అయస్కాంతాల ధ్రువాలు తారుమారై మోటారు వెనక్కి తిరుగుతుంది, వైపర్ ఆగాల్సిన చోట ఆగదు.

లోపల గ్రీజు ముదిరిన బెల్లం పాకంలా గోధుమరంగుకు తిరిగి గట్టిపడి ఉంటుంది. అసలు దోషం మాత్రం ఇరుసు బయటికి వచ్చే రంధ్రం దగ్గర ఉంటుంది. అక్కడ అల్యూమినియం తెల్లని సున్నంలాంటి పొడిగా మారి, ఉబ్బి, ఉక్కు ఇరుసును నాలుగు వైపులా బిగించేస్తుంది. ఇరుసును బయటికి కొట్టాలంటే ముందు నట్టును ఇరుసు చివరి దాకా ఎక్కించండి, లేకపోతే మరలు చితుకుతాయి. హాట్ ఎయిర్ గన్‌తో పెట్టెను వేడిచేసి, నూనె వేసి, చెక్క సుత్తితో మెల్లగా తట్టండి. వేడి చేసేముందు నైలాన్ గేరు తీసి పక్కన పెట్టాలి, అది కరిగితే మళ్లీ దొరకదు.

ఇరుసును 400, ఆ తర్వాత 800 నంబరు ఎమెరీ కాగితంతో రుద్ది అద్దంలా చేయండి. రంధ్రంలోని తెల్ల పొడినంతా గీకేయండి. పాత గ్రీజుకు కిరోసిన్ వాడి, చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. బ్రష్‌ల స్ప్రింగు వాటిని ఇంకా నెట్టగలుగుతోందా చూడండి. 4 మిల్లీమీటర్ల కంటే పొట్టిగా ఉంటే మార్చేయడం మంచిది. డ్రిల్లింగ్ మిషన్ బ్రష్ కొని, ఆకురాయితో గూటికి సరిపడా అరగదీసి, రాగి తోకను సోల్డర్ చేయొచ్చు. బ్రష్‌లు రాసుకునే రాగి భాగం, అంటే కమ్యుటేటర్, నల్లబడి ఉంటే 800 కాగితంతో తుడిచి, రాగి ముక్కల మధ్య సందుల్లోని కార్బన్ పొడిని సూదితో తీయండి.

నైలాన్ గేరు పళ్లు ఒకచోట లేచిపోయి ఉంటే, గడ్డకట్టిన వైపర్‌ను ఎప్పుడో బలవంతంగా తిప్పారని అర్థం. ఆ పళ్లను ఎపాక్సీతో పోసినా నిలవవు, ఇంకో మోటారులోంచి గేరు తెచ్చుకోవాల్సిందే. అందుకే చెడిపోయిన మోటారును ఎన్నడూ పారేయకండి. కుడి మోటారును ఎడమవైపు పెట్టే ప్రయత్నమూ చేయకండి.

ఇక బిగింపు. ఇరుసు దగ్గరున్న ఓ-రింగు (నీళ్లు దిగకుండా ఆపే రబ్బరు వలయం) ఇప్పటికి బల్లపరుపుగా నలిగి ఉంటుంది. ఈ ఒక్కటి మార్చకుండా మిగతాదంతా చేస్తే వచ్చే చలికాలానికి మళ్లీ ఇదే పని. ఇరుసు మందం, ఓ-రింగు కూర్చునే గాడి వెడల్పు కాలిపర్‌తో కొలిచి సరిపడేది తెచ్చి, సిలికాన్ గ్రీజు పూసి పెట్టండి. గేర్లకు మైనస్ 30 డిగ్రీల్లోనూ గట్టిపడని గ్రీజు, రెండు వేరుశనగ గింజలంత చాలు. ఎక్కువైతే రాగి కాంటాక్టుల మీదికి పాకుతుంది. మూత అంచుకు న్యూట్రల్ సిలికాన్ వాడండి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ రాగిని తినేస్తుంది. మోటారు కింద చిన్న రంధ్రం ఉంటే మూయకండి, లోపల చేరిన తేమ పోయే దారి అదే.

పుల్ల బిగించకుండానే ప్లగ్గు పెట్టి, నాలుగైదుసార్లు నడిపి, మోటారు తనంతట తాను ఆగాకే టేపు గుర్తు ప్రకారం పుల్ల ఎక్కించండి. మంచు పడిన ఉదయం మీట లాగేముందు రెండు బ్లేడ్లనూ చేత్తో ఎత్తి వదలండి. అద్దానికి అతుక్కున్న బ్లేడును లాగలేక మోటారు నిలబడి వేడెక్కుతుంది.

ప్రశ్న: మా పాత మెర్సిడెస్ డబ్ల్యు124కి హెడ్‌లైట్ వైపర్ లైటు మధ్యలో ఆగిపోతోంది. మోటారు మార్చాలా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పదిసార్లు నడిపి చూడండి. ప్రతిసారీ అదే తప్పు చోట ఆగుతుంటే పుల్లను ఎవరో పళ్లు తప్పించి బిగించారు, తీసి సరిచేస్తే చాలు. ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతుంటే, మీట వదిలాక కూడా మోటారును చివరిదాకా తీసుకెళ్లే పార్కింగ్ కాంటాక్టు పనిచేయడం లేదు. ముందు ఇగ్నిషన్ ఉన్నంతసేపూ కరెంటు ఉండాల్సిన తీగలో కరెంటు ఉందా చూడండి. ఉంటే గేరు మూత తీసి, రాగి పట్టీని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, దాని మీద జారే రేకులను వెంట్రుకవాసి వంచండి. ఎమెరీ వాడితే ఆ పట్టీ మీది పలచటి రాగి పోతుంది. హైదరాబాద్‌లో మంచు లేకపోయినా దుమ్ము ఉంది, నీళ్లు లేకుండా మాత్రం ఈ వైపర్‌ను నడపకండి. ఇసుక రేణువులు అద్దం మీద గీతలు పెడతాయి. ప్లాస్టిక్ లైట్లు వచ్చాక కంపెనీలు ఈ వైపర్లను మానేసి, జోరుగా నీళ్లు చిమ్మే పద్ధతికి మారడానికి ఆ గీతలే ఒక కారణం.

ప్రశ్న: మారుతి 800 ముందు అద్దం వైపర్లు వానలో ఈడ్చుకుంటూ కదులుతున్నాయి. – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మోటారు క్రాంకు (మోటారు ఇరుసుకు బిగించిన చిన్న చేయి) నుంచి వైపర్లను కదిపే కడ్డీని విడదీసి మోటారును ఒక్కదాన్నే నడపండి. చురుగ్గా తిరిగితే దోషం కడ్డీలదీ, పుల్లలు కూర్చునే ఇరుసులదీ. సముద్రపు గాలికి అవి తుప్పుతో బిగుసుకుంటాయి. ఇరుసులను తీసి రుద్ది గ్రీజు పెట్టండి, పైనుంచి స్ప్రే కొడితే వారం కూడా నిలవదు. ఒంటరిగా నడిపినా మోటారు నెమ్మదిగానే ఉంటే, ముందు ఎర్త్, ఆ తర్వాత బ్రష్‌లు చూడండి.