చెలకలో దొరికిన నీలం రాయి లిరోకొనైట్ అవుతుందా?

దేవరకొండ వైపు చెలక దున్నుతుంటే నీలం రాయి దొరికిందని, అది అరుదైన లిరోకొనైటేమోనని అడిగారు. ఆశ తక్కువే పెట్టుకోండి.

లిరోకొనైట్ అంటే నీటి అణువులతో కూడిన రాగి, అల్యూమినియం ఆర్సెనేట్ (ఆర్సెనిక్ అనే విషపదార్థం కలిసిన ఖనిజం). రాగి ఖనిజాలు, ఆర్సెనిక్ ఉన్న ఖనిజాలు ఒకేచోట ఉండి, పైనుంచి దిగే నీటికీ గాలికీ ఆక్సీకరణ చెందితేనే ఇది పుడుతుంది. ఆ రెండూ కలిసినా అన్నిచోట్లా రాదు, అందుకే అంత అరుదు. పేరున్న స్ఫటికాలు ఇంగ్లండ్‌లో, కార్న్‌వాల్‌లోని వీల్ గోర్లాండ్ గనివి. నల్గొండలో మన కాళ్ల కింద ఉన్నది ఎక్కువగా గ్రానైటే.

రంగు చూసి మోసపోవద్దు, మైలుతుత్తం కూడా నీలమే. చిన్న ముక్క నీళ్లలో వేయండి: మైలుతుత్తమైతే కరిగి నీళ్లు నీలమవుతాయి, లిరోకొనైట్ కరగదు. దాని కాఠిన్యం (1 నుంచి 10 దాకా ఉండే మోస్ కొలతలో) 2 నుంచి 2.5, చాకుతో సులువుగా గీత పడుతుంది. సీసా పెంకైతే అలా పడదు (చెలకల్లో దొరికేవి చాలావరకు అవే!). లిరోకొనైట్ సాంద్రత దాదాపు 3 (అంటే నీటికి మూడింతలు), దాని పొడి లేత నీలం.

ఒకవేళ అదే అయితే మాత్రం నాలుకకు తగిలించొద్దు, కాల్చి చూడొద్దు. లోపలున్నది ఆర్సెనిక్. ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.