పేరు తెలియని చెట్టు పొయ్యిలోకి వెళ్లే ముందు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. ఈమధ్య ఈదురుగాలికి మేము కొత్తగా కొన్న స్థలంలో ఒక పెద్ద చెట్టు కూలింది. కొందరు దిరిశెన అంటున్నారు, మిగతావాళ్లకు పేరే తెలియదు. చేవ ముదురు గోధుమ రంగులో ఉంది, చుట్టూ పసుపు కలిసిన తెల్లచెక్క. గొడ్డలి వేస్తే చీలకుండా ఇరుక్కుపోతోంది. నీళ్ల కాగు కింద ఈ కట్టెలు పెట్టవచ్చా?

జవాబు: ముందు ఒక పని చేయండమ్మా. పచ్చి కొమ్మ ఒకటి చూసి బెరడు కత్తితో గీయండి. పాలు కారితే అక్కడితో ఆగిపోండి. మర్రి, రావి కూడా పాలచెట్లే, కానీ వాటిని అందరూ గుర్తుపడతారు. పేరు తెలియని పాలచెట్టుతోనే ప్రమాదం. కోరింగ మడ అడవుల్లో తిల్ల చెట్టు ఉంటుంది. దాని పాలు కంట్లో పడితే కొంతకాలం చూపు పోవచ్చు, పొగ కూడా కళ్లను మండిస్తుంది. పూల కోసం పెంచే గన్నేరు, పచ్చగన్నేరు నిలువెల్లా విషం. ఎండినా ఆ విషం పోదు.

పాలు లేకపోతే చెట్టు కింద కాయలు వెతకండి. దిరిశెన కాయ పలచగా, గడ్డి రంగులో ఉండి గాలికి గలగలమంటుంది. నల్లగా, మందంగా, విరిస్తే బంకగా, తియ్యటి వాసనతో ఉంటే అది నిద్రగన్నేరు. మీరు చెప్పిన చేవ రంగును బట్టి నాకు దానిమీదే అనుమానం. పేరులో గన్నేరు ఉందని భయపడకండి. ఆ విషపు గన్నేరుతో దీనికి ఏ చుట్టరికమూ లేదు, ఇది చింత, తుమ్మల వంశం.

మా నాన్నగారిది కట్టెల అడితి. 1996 నవంబరు తుపాను తర్వాత కోనసీమలో ఎటు చూసినా కూలిన చెట్లే. అప్పుడు ఆయన ఒక నిద్రగన్నేరు పెచ్చు నా చేతికిచ్చి గోటితో లాగమన్నారు. ఒక పొర పీచు కుడికి లేచింది, దాని కింది పొర ఎడమకు. జడ అల్లినట్టుండే ఆ పీచే మీ గొడ్డలిని పట్టుకుంటోంది. నడిమధ్య కొట్టి లాభం లేదు. రంపంతో మూరెడుకన్నా పొట్టి ముక్కలు కోసి, అంచుల నుంచి పెచ్చులు పెచ్చులుగా లేపుకుంటూ లోపలికి రండి. కొమ్మ చీలే పంగల దగ్గర చేయి పెట్టకండి, అవి అలాగే మొద్దులుగా ఉండనివ్వండి. ఇదంతా పచ్చిగా ఉండగానే చేయాలి. ఎండితే ఇంకా మొండికేస్తుంది.

మన డెల్టా తేమలో కట్టెలను నేలమీద పేరిస్తే బూజు పడతాయి. ఇటుకల మీద, సందులు వదిలి, చూరు కింద పేర్చి ఒక వేసవి గడవనివ్వండి. చివర్లు పగుళ్లు తేలి, రెండు ముక్కలు కొడితే ఠంగుమంటే ఎండినట్టు. సరుగుడు పచ్చిగా ఉన్నా అంటుకుంటుంది కదా అని దీన్నీ అలాగే పెడితే ఇల్లంతా పొగే.

ఒక్క మాట. అడుగు మొద్దును మాత్రం నరకకండి, కోతమిల్లులో చూపించండి. బల్లలకు, పీటలకు పనికొచ్చే చేవ అది. కాగు కిందికి కొమ్మలు చాలు.