యాప్‌లో 29:48, పోటీలో 31:02: ఏది నా టైమ్?

ప్రశ్న: నాలుగు నెలలుగా పరుగు నేర్చుకుంటున్నాను. 5 కిలోమీటర్లను 30 నిమిషాల్లోపు పూర్తి చేయాలని పట్టుదల. పోటీకి వారం ముందు పార్కులో పరుగెత్తితే ఫోన్ యాప్ 29:48 చూపించింది. ఎగిరి గంతేశాను. తీరా పోటీలో అంతే ఊపుతో పరుగెత్తినా ఫలితాల్లో 31:02 అని వచ్చింది. ఎవరి లెక్క తప్పు?

జవాబు: నా అనుమానం యాప్ మీదే. ముందు ఆ పార్కు పరుగు రికార్డును మళ్లీ తెరిచి చూడండి. చాలా యాప్‌లలో మూవింగ్ టైమ్, ఎలాప్స్‌డ్ టైమ్ అని రెండు అంకెలుంటాయి. ఆటో పాజ్ ఆన్‌లో ఉంటే మీరు లేసు కట్టుకోవడానికి వంగినా, నీళ్లు తాగడానికి నిలబడినా యాప్‌లోని గడియారం కూడా ఆగిపోతుంది. మొదటి అంకె ఆ ఆగిన సమయాన్ని తీసేసి చూపేదే. రెండో అంకె ఉదాహరణకు 30:26 అని ఉందనుకోండి, మీ 74 సెకన్ల తేడాలో 38 సెకన్లు అక్కడే దొరికినట్లు.

మిగతా 36 సెకన్లు ఎక్కడ? దూరంలో ఉండొచ్చు. ఆకాశం పూర్తిగా కనిపించే మైదానంలో కూడా ఫోన్ జీపీఎస్ మిమ్మల్ని సుమారు 5 మీటర్లు అటూ ఇటూగా గుర్తిస్తుంది. దట్టమైన చెట్ల కింద, ఎత్తైన భవనాల మధ్య ఉపగ్రహ సంకేతాలు గోడలకు తగిలి ఆలస్యంగా వస్తాయి కాబట్టి పొరపాటు ఇంకా పెరుగుతుంది. ఫోన్ ఈ చుక్కలన్నిటినీ కలిపి గీత గీస్తుంది. మీరు తిన్నగా వెళ్లినా ఆ గీత వంకర్లు తిరుగుతుంది, వంకర గీత పొడవు ఎప్పుడూ ఎక్కువే. 2 శాతం ఎక్కువ చూపిందనుకుంటే 5 కిలోమీటర్లలో అది 100 మీటర్లు. కిలోమీటరుకు 6 నిమిషాల చొప్పున 100 మీటర్లకు 36 సెకన్లు. అంటే మీరు 4.9 కిలోమీటర్ల దగ్గరుండగానే యాప్ 5 అయిపోయిందని ప్రకటించేసిందన్నమాట.

పోటీ ఫలితంలోనూ ఒకటి చూసుకోండి. 31:02 అన్నది గన్ టైమా, చిప్ టైమా? గన్ టైమ్ పోటీ మొదలైన క్షణం నుంచి లెక్క. చిప్ టైమ్ మాత్రం మీ బిబ్‌కు (ఛాతీ మీద పెట్టుకునే నంబరు కాగితానికి) అంటించిన ట్యాగ్ స్టార్ట్ మ్యాట్ దాటినప్పటి నుంచి. గుంపులో వెనక నిలబడిన వాళ్లకు ఈ తేడా నిమిషం దాటడం కూడా మామూలే. పర్సనల్ బెస్ట్‌గా రాసుకోవాల్సింది చిప్ టైమ్.

అసలు సంగతి తేలాలంటే 400 మీటర్ల ట్రాక్ దొరికితే చాలు. మొదటి లేన్‌లో పన్నెండున్నర రౌండ్లు, చేతిలో మామూలు స్టాప్‌వాచ్. లేన్ మాత్రం మారకండి. ఎనిమిదో లేన్‌లో ఒక రౌండ్ దాదాపు 453 మీటర్లు ఉంటుంది. ట్రాక్ రన్ మోడ్ ఉన్న వాచీలు ముందుగా లేన్ నంబరు అడిగేది అందుకే.

ప్రశ్న: పోటీ ముగిసేసరికి నా వాచీలో 5.08 కిలోమీటర్లు ఉంది. దారి ఎక్కువ కొలిచారా? పైగా పరుగెత్తుతుంటే పేస్ (కిలోమీటరుకు పట్టే సమయం) ఒకసారి 5:20, మరుక్షణం 6:50 అంటోంది. దేన్ని నమ్మాలో తెలియక టెన్షన్.

జవాబు: సరిగ్గా కొలిచిన దారి అయితే అదనంగా ఉండేది మహా అయితే కొన్ని మీటర్లే. ధ్రువీకరించే రోడ్డు పోటీలకు దారిని సైకిల్‌తో కొలుస్తారు. ముందు చక్రానికి ఒక కౌంటర్ బిగించి, మలుపుల దగ్గర అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో, వీలైనంత దగ్గరి దారిలో తొక్కుతారు. దారి తక్కువ కాకూడదని వెయ్యికి ఒకటి చొప్పున కలుపుతారు. 5 కిలోమీటర్లకు అది 5 మీటర్లు. మనమేమో మలుపుల్లో బయటి వైపు నుంచి వెళ్తాం, ముందున్న వాళ్లను దాటడానికి పక్కలకు తిరుగుతాం. దానికి జీపీఎస్ వంకర్లు తోడైతే 80 మీటర్లు ఇట్టే పెరుగుతాయి.

కాబట్టి వాచీలో సగటు పేస్ 6:00 చూసి నిశ్చింతగా ఉంటే దెబ్బ తింటారు. 5.08 కిలోమీటర్లను 30 నిమిషాల్లో ముగించాలంటే వాచీలో కనిపించాల్సింది 5:54.

గెంతే పేస్ సంగతికొస్తే, ఆ అంకె కొద్ది సెకన్ల కదలికతో కట్టిన లెక్క. చుక్క నాలుగు మీటర్లు పక్కకు పడితే చాలు, వేగం తారుమారవుతుంది. సెట్టింగ్స్‌లో దాన్ని తీసేసి ల్యాప్ టైమ్ (ల్యాప్ మొదలైనప్పటి నుంచి గడిచిన సమయం) పెట్టుకోండి. ఆటో ల్యాప్ ఆపేసి, దారిలో కిలోమీటరు బోర్డు కనిపించినప్పుడల్లా ల్యాప్ బటన్ మీరే నొక్కండి. అప్పుడు దూరం బోర్డుది, సమయం మీది. జీపీఎస్‌తో పేచీ ఉండదు.

ట్రాక్ మీదైతే ఇంకో ఉపాయం ఉంది. 2020 ఆగస్టులో మొనాకోలో జాషువా చెప్తెగెయ్ 5,000 మీటర్లను 12:35.36లో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పినప్పుడు ట్రాక్ లోపలి అంచు వెంట దీపాలు అనుకున్న వేగంతో వెలుగుతూ పోయాయి. రౌండుకు సుమారు 60 సెకన్లు! మనకు అంత హంగామా అక్కర్లేదు. 30 నిమిషాల లక్ష్యానికి రౌండుకు 2:24 పడుతుంది. వాచీలో 1:12కు ఒకసారి వైబ్రేట్ అయ్యేలా రిపీట్ టైమర్ పెట్టుకోండి. ప్రతి 200 మీటర్ల గుర్తు దగ్గర చెయ్యి అదిరితే లెక్కలో ఉన్నట్లే. గుర్తుకు ముందే అదిరితే వెనకబడ్డారు.

ప్రశ్న: పరుగు మొదలుపెట్టిన రెండో నిమిషంలోనే నా గుండె వేగం 178 అని చూపిస్తోంది. నాకేమో హాయిగా మాట్లాడుతూ పరుగెత్తగలిగేంత తేలికగా ఉంటుంది. భయపడాలా?

జవాబు: మాట్లాడగలుగుతున్నారంటే మొదట అనుమానించాల్సింది వాచీనే. మణికట్టు సెన్సర్ చర్మంలోకి ఆకుపచ్చ కాంతి పంపి, రక్తం కదలికతో తిరిగొచ్చే వెలుగులోని మార్పును లెక్కిస్తుంది. పట్టీ వదులుగా ఉంటే గుండె చప్పుడు బదులు మీ అడుగుల లయను పట్టుకుంటుంది. నిమిషానికి 170 నుంచి 180 అడుగులు వేసేవాళ్లు చాలామంది, ఆ అంకెలే గుండె వేగంగా కనిపిస్తాయి. మణికట్టు ఎముకకు రెండు వేళ్లు పైగా, జారకుండా బిగించండి. పరుగుకు ముందు ఒళ్లు వేడెక్కేలా నడవండి, చల్లని చర్మంలో రక్త ప్రసరణ తక్కువ. అనుమానం తీరకపోతే ఛాతీ పట్టీ వాడి చూడండి. అది గుండె విద్యుత్ సంకేతాన్నే చదువుతుంది, కాబట్టి చాలా నయం. అయితే ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం లాంటివి ఉంటే ఏ గాడ్జెట్‌నూ అడగొద్దు, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: ఫోన్ జేబులో పెట్టుకుంటే మధ్యలో రికార్డింగ్ ఆగిపోయి మ్యాప్‌లో తిన్నని గీత వస్తోంది.

జవాబు: బ్యాటరీ ఆదా పేరుతో ఫోన్ మీ యాప్‌ను నిద్రపుచ్చుతోంది. ఆండ్రాయిడ్‌లో యాప్ సెట్టింగ్స్‌లో బ్యాటరీని అన్‌రిస్ట్రిక్టెడ్ చేయండి, ప్రిసైస్ లొకేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి, పవర్ సేవింగ్ ఆపండి. ఐఫోన్‌లోనూ ప్రిసైస్ లొకేషన్, లో పవర్ మోడ్ చూసుకోవాలి. గుమ్మం దాటగానే స్టార్ట్ నొక్కే అలవాటు కూడా మానండి. ఉపగ్రహాల నుంచి స్థాన సమాచారం నేరుగా అందుకోవడానికే అర నిమిషం పడుతుంది. ఒకసారి నేను ఆగలేక మొదలుపెడితే, చెరువు మీదుగా పరుగెత్తినట్లు మ్యాప్ వచ్చింది. ఆ కిలోమీటరు మాత్రం అద్భుతమైన టైమ్!

ప్రశ్న: నా వాచీ నేను 5 కిలోమీటర్లను 27:30లో పూర్తి చేయగలనంటోంది. నమ్మొచ్చా?

జవాబు: మీ గుండె వేగం, పేస్‌లను బట్టి వేసిన అంచనా అది. పై జవాబులు చదివారుగా, ఆ రెండు అంకెల్లో ఏది తప్పినా అంచనా తప్పుతుంది. ట్రాక్‌పై 3 కిలోమీటర్లు, అంటే ఏడున్నర రౌండ్లు, గట్టిగా పరుగెత్తండి. వచ్చిన సమయాన్ని సెకన్లలోకి మార్చి 1.72తో గుణించండి. పీటర్ రీగెల్ అనే ఇంజనీరు సూత్రం నుంచి వచ్చే గుణకం ఇది. 17:30 వస్తే 5 కిలోమీటర్లకు 30 నిమిషాల చుట్టుపక్కల వస్తుంది. 27:30 అన్న మాట నిజం కావాలంటే మీ 3 కిలోమీటర్లు దాదాపు 16 నిమిషాల్లో ముగియాలి.