ఎంజీబీ రిపేరు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: 1972 మోడల్ ఎంజీబీ రోడ్‌స్టర్ (పైకప్పు లేని పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) కొన్నాను. ఒక్క కారు పట్టే గ్యారేజీ. తలుపుల కిందుండే సిల్స్‌ని స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగిపోతోంది. తలుపు కాస్త ఎత్తి మూయాల్సి వస్తోంది. ముందు ఇంజిన్ దించనా, సిల్స్ పని పట్టనా?
– ఒక పాఠకుడు, కోవెంట్రీ

జవాబు: ఇంజిన్ జోలికి ఇప్పుడే పోకండి. ఎంజీబీకి విడిగా ఛాసిస్ లేదు. పైకప్పు కూడా లేని రోడ్‌స్టర్‌కి నడుం బలమంతా సిల్స్‌లోనే ఉంటుంది.

ముందు తలుపు సంగతి తేల్చుకోండి. సగం తెరిచి, వెనక అంచు పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. కీళ్ల దగ్గర ఆట (వదులు) కనిపిస్తే పిన్నులు అరిగినట్టు. ఆట లేకుండా, తలుపు వెనక సందు పైన ఇరుకుగా, కింద వెడల్పుగా ఉంటే బాడీ కుంగినట్టే. సందుని మూడు చోట్ల కొలిచి రాసి పెట్టుకోండి. చివరిదాకా మీకు కొలబద్ద అదే.

బయటి రేకు ఒక్కటీ మార్చి పుట్టీ పూస్తే ఏడాది తిరక్కుండా మళ్లీ పొక్కుతుంది. దాని వెనక మధ్య రేకు, లోపలి సిల్, అడుగున కాజిల్ సెక్షన్ అనే మడత రేకు ఉంటాయి. నాలుగూ కలిస్తేనే ఆ పెట్టెకు బలం. తుప్పు సాధారణంగా ముందు చక్రం వెనక మొదలవుతుంది. అక్కడి అడ్డురేకు రబ్బరు పాడయ్యాక ఫెండర్ లోపల బురద చేరి తడి ఆరదు. ఫెండర్ బోల్టులతోనే ఉంటుంది కాబట్టి విప్పి చూడండి.

బండిని ముందు క్రాస్‌మెంబర్ (ముందు చక్రాల మధ్య అడ్డదూలం) కింద, వెనక యాక్సిల్ కింద స్టాండ్ల మీద మట్టంగా నిలపండి. నడుం కింద స్టాండ్ పెట్టారా, వంకర అలాగే వెల్డయిపోతుంది. కుంగి ఉంటే ముందు సందు సరిచేసుకుని, ఆ తర్వాతే తలుపు ద్వారంలో ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి 25 మి.మీ. చదరపు గొట్టాలు రెండు అడ్డంగా బిగించండి. ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క కోయాలి. లోపలి నుంచి బయటికి పని సాగించండి. బయటి రేకుని క్లాంపులతో నిలిపి, గొట్టాలు తీసి, తలుపు వేసి చూడండి. సందు కుదిరితేనే వెల్డింగ్. రేకు అంచున 6 మి.మీ. రంధ్రాలు వేసి, అతుకుల్లో జింక్ ప్రైమర్ పూసి, ఆ రంధ్రాలను మిగ్ వెల్డింగ్‌తో నింపండి. వరసగా లాగకుండా అక్కడొకటి ఇక్కడొకటి వేస్తేనే వేడికి రేకు మెలి తిరగదు. పెయింటయ్యాక లోపలికి మైనం స్ప్రే చేయండి, అడుగున నీళ్లు కారే సందులు మూసుకోకుండా.

వెల్డింగ్‌కి ముందు సీట్ల వెనకున్న రెండు 6 వోల్టుల బ్యాటరీలూ, ఆల్టర్నేటర్ వైర్లూ, పెట్రోలు ట్యాంకూ తీసేయండి. 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ చేయని కార్లకు 2018 మే నుంచి బ్రిటన్‌లో ఎంఓటీ (ఏటా చేయించే వాహన తనిఖీ) తప్పనిసరి కాదన్నది నిజమే గానీ, తుప్పుకి ఆ మినహాయింపు తెలియదు.

ప్రశ్న: మా 1966 ఎంజీబీలో కొత్త రేడియో పెట్టగానే కాలిపోయింది. వైరింగ్‌లో లోపమా?

జవాబు: 1967 దాకా వచ్చిన ఎంజీబీలకు బాడీకి కలిసేది బ్యాటరీ పాజిటివ్. మామూలు రేడియో అందుకే పోయింది. నెగటివ్ ఎర్త్‌కి, అంటే నెగటివ్ బాడీకి కలిసేలా, మార్చుకోవచ్చు. బ్యాటరీ తిప్పి కనెక్షన్ ఇచ్చాక, కాయిల్ మీది రెండు సన్న వైర్లను తారుమారు చేయాలి. డైనమో కూడా కొత్త దిశకి మారాలంటే దాని వైర్లు రెండూ విప్పి, బ్యాటరీ పాజిటివ్ నుంచి ఒక వైరు తెచ్చి డైనమో మీది ఎఫ్ టెర్మినల్‌కి రెండు మూడుసార్లు చటుక్కున తాకించాలి. నిప్పురవ్వ వస్తుంది, భయపడొద్దు. ఎలక్ట్రానిక్ భాగాలున్న పెట్రోలు పంపు, ఆర్‌పీఎం మీటర్ మాత్రం తిరగేస్తే పాడవుతాయి. ముందుగా వాటి సంగతి చూసుకోండి.

ప్రశ్న: జంట ఎస్‌యూ హెచ్‌ఎస్4 కార్బురేటర్ల మిక్స్చర్ (గాలి, పెట్రోలు పాళ్లు) సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: ఇంజిన్ బాగా వేడెక్కాక, ఐడిల్‌లో ఒక్కో కార్బురేటర్ పక్కనున్న పిన్నుతో లోపలి పిస్టన్‌ని ఒక మి.మీ. మాత్రమే ఎత్తండి. వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ. వెంటనే ఆగబోతే తక్కువ. కాస్త పెరిగి సర్దుకుంటే సరే. అడుగు నట్టుని ఒక్కో పలక చొప్పున తిప్పండి. కిందికి దింపితే పెట్రోలు పెరుగుతుంది. ఎంత తిప్పినా కుదరకపోతే థ్రాటిల్ స్పిండిల్ (గాలి బిళ్ల తిరిగే ఇరుసు) అరిగి గాలి లాగుతూ ఉండొచ్చు.