పాత చైన్‌సా ఇంజను: బోర్ చేయించకండి, ముందు గాలి ఎక్కడ పోతోందో చూడండి

మీ ప్రశ్న చదవగానే మా కట్టెల అడితి వెనుక రేకుల షెడ్డు కళ్లముందు కదిలింది. నాన్నగారి స్టిల్ 038 మాగ్నమ్ ఎనిమిదేళ్లుగా మూలన పడి ఉందని, తాడు లాగితే మరీ తేలికగా వస్తోందని, స్టార్టయినా దుంగ మీద పెట్టగానే చతికిలబడుతోందని రాశారు. బోర్ (సిలిండర్ లోపలి వెడల్పు) పెంచి, పోర్టులు (సిలిండర్ గోడలో మిశ్రమం, పొగ వచ్చిపోయే రంధ్రాలు) అరగదీసి, సైలెన్సర్ కోసేస్తే కొత్తదానికన్నా బాగా కోస్తుందా అని అడిగారు. సరిగ్గా ఇదే యంత్రంతో నాకూ ఈ మూడు ఆలోచనలే వచ్చాయి. బోర్ పని నా సిలిండర్‌ను మింగింది, సైలెన్సర్ పని ఒక పిస్టన్‌ను మింగింది. పోర్టులు అరగదీయడానికి అప్పటికి చేతిలో డబ్బు మిగలలేదు, అంతే!

బోర్ సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే అది తిరిగి సరిదిద్దుకోలేని తప్పు. బైకుల సిలిండర్లు చేసే ఒక లేతు షాపుకు తీసుకెళ్తే, "గీతలు పడ్డాయి, అర మిల్లీమీటరు బోర్ చేసి పెద్ద పిస్టన్ వేద్దాం" అన్నారు. పాత బైకుల సిలిండర్‌లో లోపల పోత ఇనుప స్లీవు ఉంటుంది, కోస్తే తెగుతుంది. చైన్‌సా సిలిండర్ మొత్తం అల్యూమినియమే. లోపలి గోడకు నికెల్‌లో సిలికాన్ కార్బైడ్ రేణువులు కలిపిన గట్టి పూత గానీ, క్రోమియం పూత గానీ ఉంటుంది. ఆ పూత మందం మిల్లీమీటరులో పదో వంతుకు మించదు. లేతు మీద మొదటి కోతకే అది పోయింది. మిగిలిన మెత్తని అల్యూమినియం గోడ మీద పిస్టన్, రింగులు ముప్పావుగంట తిరిగి పట్టేశాయి. షాపాయన తనకు తెలిసిన పని నిజాయితీగానే చేశారు. అడగవలసింది అడగకుండా ఇచ్చింది నేను.

కాబట్టి ఇంకేదీ విప్పకుండా ముందు సైలెన్సర్ ఒక్కటి విప్పండి. ఎగ్జాస్ట్ రంధ్రంలోకి టార్చి వేసి, తాడును మెల్లగా లాగుతూ పిస్టన్ పక్కభాగం చూడండి. ఆ యంత్రం ఎలా జబ్బుపడిందో అక్కడ రాసి ఉంటుంది. నిలువు గీతలు ఎగ్జాస్ట్ వైపే ఉంటే అది వేడి వల్ల వచ్చిన దెబ్బ: పెట్రోలులో ఆయిల్ కలపకపోవడమో, ఎక్కడినుంచో దొంగగాలి లోపలికి చేరి మిశ్రమం పలచబడడమో జరిగింది. కార్బురేటర్ వైపు పిస్టన్ బూడిదరంగుకు తిరిగి అరిగిపోయి ఉంటే ఎయిర్ ఫిల్టర్ దాటి దుమ్ము మింగింది. మాకు జరిగింది మొదటిది. సుబాబుల్ కోతల సీజన్లో ఒక కుర్రవాడు తొందరలో ఉత్త పెట్రోలు పోశాడని ఏడాది తర్వాత ఒప్పుకున్నాడు.

గీతలు ఉన్నంత మాత్రాన సిలిండర్ పోయినట్టు కాదు. చాలాసార్లు అవి గోడకు పడ్డ గీతలు కావు, పిస్టన్ నుంచి కరిగి అంటుకున్న అల్యూమినియం చారలు. గోరుతో తడిమితే పైకి ఉబ్బినట్టు తెలుస్తాయి. దూదిపుల్లతో హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ను ఆ చారల మీద మాత్రమే అద్దితే అల్యూమినియం నురగకట్టి కరిగిపోతుంది, పూత నిలుస్తుంది. పోర్టుల అంచులకు, పూత పెచ్చులూడిన చోట్లకు తగలనివ్వకండి. అక్కడ యాసిడ్ సిలిండర్‌నే తినేస్తుంది. ఆరుబయట, కళ్లద్దాలు, చేతితొడుగులు పెట్టుకుని చేయండి. తర్వాత నీళ్లతో, వంటసోడాతో కడిగి, సన్నని గరుకు కాగితంతో అడ్డంగా, కొంచెం ఏటవాలుగా రుద్ది, నూనె రాయాలి. నా రెండో సిలిండర్‌ను ఇలాగే బతికించుకున్నాను.

తాడు తేలికగా వస్తోందన్నారు గనుక కంప్రెషన్ గేజి పెట్టి చూడండి. ఈ సైజు ఇంజను ఆరోగ్యంగా ఉంటే 150 పీఎస్‌ఐ, ఆపైన చూపించాలి. 120కి దిగితే కోతలో నీరసం తెలుస్తుంది. 100 లోపుకు వస్తే రింగులతో సరిపోతుందో, పిస్టన్ కూడా మార్చాలో విప్పి తేల్చుకోవలసిందే.

అయితే అసలు విషయం పిస్టన్ కింద ఉంది. టూ స్ట్రోక్ ఇంజనులో పిస్టన్ కింద, క్రాంకు తిరిగే గది కూడా ఒక పంపే. పిస్టన్ పైకి పోయేటప్పుడు మిశ్రమాన్ని అక్కడికి పీలుస్తుంది, దిగేటప్పుడు అక్కడినుంచి పైకి నెడుతుంది. ఆ గదికి రెండు పక్కలా ఉన్న ఆయిల్ సీళ్లు ఎండి పగిలినా, కార్బురేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య ఉన్న రబ్బరు గొట్టం చీలినా, బయటి గాలి చొరబడుతుంది. ఎనిమిదేళ్లు పడి ఉన్న యంత్రంలో రబ్బరు బాగుంటుందని నేనైతే నమ్మను. మెకానిక్కులు ఎక్కువమంది దీన్ని పరీక్షించకుండానే కొత్త పిస్టన్ వేసి ఇస్తారు, రెండు వారాల్లో అదీ పోతుంది.

పరీక్షకు నేను వాడింది ఇంట్లో పక్కన పడేసిన డయలు రకం బీపీ మిషన్. పాత ప్లగ్గులోని పింగాణీ పగలగొట్టి తీసేసి, అందులో సన్నని గొట్టం దూర్చి ఎం-సీల్‌తో బిగించాను. సైకిలు ట్యూబు ముక్కలు అడ్డుపెట్టి సైలెన్సర్‌నూ కార్బురేటర్‌నూ వాటి పైనుంచి బిగించాను. క్రాంకు గది నుంచి కార్బురేటర్‌కు వెళ్లే చిన్న గొట్టాన్ని కూడా మూసేయాలి, మరచిపోకండి. పిస్టన్‌ను పూర్తిగా కిందికి దించి బల్బుతో డయలు మీద 300 దాకా గాలి కొట్టండి. అది సుమారు 0.4 బార్, వర్క్‌షాపుల్లో అర బార్ పెడతారు, ఇంటి పరీక్షకు ఇది చాలు. ముల్లు నిలబడాలి. పడిపోతుంటే సబ్బునీళ్లు రాయండి. మా యంత్రంలో క్లచ్ వైపు సీలు దగ్గర ఇడ్లీ పిండి పొంగినట్టు బుడగలు వచ్చాయి. ఒక్కమాట: కొన్ని సీళ్లు గాలి బయటికి పోనివ్వవు గానీ లోపలికి రానిస్తాయి. బ్రేకుల్లో గాలి తీసే చేతిపంపు దొరికితే పీల్చి కూడా చూడండి.

సీలు మార్చడానికి క్లచ్ విప్పాలి. దాని మర ఎడమచేతి మర, గడియారం తిరిగే దిక్కున తిప్పితే వదులవుతుంది. ఇది తెలియక నేను అరగంట బిగించాను. పిస్టన్ కదలకుండా ప్లగ్గు రంధ్రంలోంచి మెత్తని తాడు కుక్కండి, స్క్రూడ్రైవర్ దూర్చకండి. క్రాంకు పక్కలకు ఊగుతుంటే బేరింగులు కూడా మార్చాలి. పాతదాని మీద చెక్కిన నంబరే తెచ్చుకోండి, చివర సీ3 (బేరింగు లోపలి సందు గుర్తు) అని ఉంటే అదీ సరిపోలాలి. పిస్టన్ మీది బాణం ఎగ్జాస్ట్ వైపుకు ఉండాలి. పిస్టన్‌ను కడ్డీకి కలిపే పిన్ను ఊడకుండా పట్టే లాకుల తెరుచుకున్న మూతి పైకో కిందికో ఉండాలి, పక్కకు ఉంటే వేగానికి ఊడి వస్తుంది.

ఇంతవరకు చేసింది పాత బలాన్ని తిరిగి తేవడమే. అడితిలోని ఒకే వేప దుంగ మీద గడియారం పెట్టి చూశాను: సీళ్లకు ముందు ఒక ముక్క తెగడానికి 19 సెకన్లు పట్టింది, తర్వాత 13. ఆపైన నేను చేసిన మార్పులన్నీ కలిసి తగ్గించింది ఇంకో రెండు సెకన్లే.

ఆ రెండు సెకన్ల కథ ఇది. ప్లగ్గు రంధ్రంలోంచి సోల్డరు తీగను పిన్ను ఉన్న దిశలో సిలిండర్ గోడదాకా దూర్చి, ఇంజనును చేత్తో ఒక చుట్టు తిప్పి, నలిగిన కొస మందం కొలవండి. పిస్టన్ పైకి వచ్చినప్పుడు సిలిండర్ తలకూ దానికీ మధ్య మిగిలే సందు అదే. నాకు ఒక మిల్లీమీటరు వచ్చింది. సిలిండర్ కింద ఉండే అర మిల్లీమీటరు ప్యాకింగు తీసేసి, వేడికి తట్టుకునే సీలెంటు పలచగా రాసి బిగిస్తే సందు అర మిల్లీమీటరుకు వచ్చింది. ఈ ఇంజను బోర్ 52 మిల్లీమీటర్లు, కాబట్టి మంట గదిలో సుమారు ఒక సీసీ తగ్గి కంప్రెషన్ పెరిగింది. అర మిల్లీమీటరు కన్నా తక్కువకు పోకండి, వేగంలో పిస్టన్ తలను కొడుతుంది. సిలిండర్ దిగినందువల్ల ఎగ్జాస్ట్ పోర్టు సుమారు రెండు డిగ్రీలు ఆలస్యంగా తెరుచుకుంటుంది. కింది వేగంలో లాగుడు పెరుగుతుంది, పై వేగంలో కొంచెం తగ్గుతుంది. చింత మొద్దులు కోసేవాడికి అది లాభమే.

సైలెన్సర్‌కు పక్కన రెండో రంధ్రం చేశాను. నా పిస్టన్ పోయింది ఇక్కడే. పొగ సులువుగా పోతే ఇంజను ఎక్కువ గాలి పీలుస్తుంది, దానికి తగ్గ పెట్రోలు ఇవ్వకపోతే మిశ్రమం పలచబడుతుంది. ఆ రోజు యంత్రం ఎంత చురుగ్గా పలికిందో! పలచబడ్డ ఇంజను చచ్చేముందు అలాగే పాడుతుందని సాయంత్రానికి తెలిసింది. రంధ్రం చేసిన వెంటనే హెచ్ స్క్రూను (పై వేగంలో పెట్రోలు ఎంత పోవాలో నిర్ణయించే కార్బురేటర్ స్క్రూ) కొంచెం కొంచెంగా ఎడమకు వదలండి. దుంగ లేకుండా పూర్తి రేసులో శబ్దం కాస్త గరగరలాడాలి, దుంగలో పెట్టగానే శుభ్రపడాలి. గాలిలోనే కీచుమంటే ఆపేయండి. టాకోమీటర్ కొనుక్కుని మాన్యువల్‌లో ఇచ్చిన గరిష్ఠ వేగం దాటనివ్వకండి. నిమిషానికి 12,000 చుట్లంటే సెకనుకు 200. 34 మిల్లీమీటర్ల స్ట్రోకుతో (పిస్టన్ పైనుంచి కిందికి కదిలే దూరం) పిస్టన్ సగటున సెకనుకు 13 మీటర్లకు పైగా పరుగెడుతుంది. సైలెన్సర్‌లోని నిప్పురవ్వల జాలీ మాత్రం తీయవద్దు, ఎండాకులో నిప్పు పడితే తోటే పోతుంది.

పోర్టులు అరగదీయడం గురించి: క్రాంకుకు డిగ్రీల చక్రం పెట్టి పోర్టు ఎప్పుడు తెరుచుకుంటుందో కొలవడం రాకపోతే ముట్టుకోకండి. అంచులు పదునుగా వదిలినా రింగు తగులుకుని విరుగుతుంది. మ్యాగ్నెట్ చక్రాన్ని క్రాంకు మీద నిలిపే తాళం అరగదీసి, ప్లగ్గు నిప్పు పడే టైమింగ్ ముందుకు జరపడం కూడా చేసి చూశాను. తాడు వెనక్కి గుంజి వేళ్లు వాచాయి, మళ్లీ మామూలు తాళం వేశాను.

ఇంకో రెండు విషయాలు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, అది తేమను పీలుస్తుంది. పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్‌లో మిగిలింది అయిపోయి ఇంజను ఆగేదాకా నడపండి. లీటరుకు మంచి టూ స్ట్రోక్ ఆయిల్ అయితే 20 మిల్లీలీటర్లు, మామూలుది అయితే 40. రెండోది, ఇంజను విప్పేముందే చెయిన్ చూడండి. పొట్టు పెచ్చులుగా రాలకుండా పిండిలా రాలుతుంటే తప్పు ఇంజనుది కాదు. 3/8 చెయిన్‌కు 5.2 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి పట్టి, పంటి ముందున్న మిట్టను పంటికన్నా 0.65 మిల్లీమీటర్ల కిందికి ఉంచాలి. చెయిన్ బ్రేకు పనిచేయకపోతే మాత్రం ఇవేవీ మొదలుపెట్టకండి, ముందు అది.

సైలెన్సర్ విప్పాక పిస్టన్‌కు గీతలు ఏ వైపున్నాయో ఫొటో తీసి ఇక్కడే పెట్టండి. సిలిండర్ కిట్టు కొనడం అప్పటిదాకా ఆపండి.