ఉచితంగా ఇచ్చిన కోడ్‌కి నష్టపరిహారం అడిగితే కట్టాలా?

ప్రశ్న: ఆరేళ్లుగా ఒక చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీ (ఎవరైనా తమ ప్రోగ్రాముల్లో ఉచితంగా వాడుకునే కోడ్) నడుపుతున్నాను. ఎంఐటీ లైసెన్స్ కింద పెట్టాను. ఉద్యోగం అయ్యాక రాత్రిళ్లు చూసుకునే పని. ఈమధ్య ఇచ్చిన వెర్షన్‌లో ఒక బగ్ దొర్లింది. దాన్ని తమ ప్రోడక్ట్‌లో వాడుతున్న కంపెనీ వాళ్లు ఏడు రోజుల్లో సరిచేయకపోతే తమకొచ్చిన నష్టం నా దగ్గర వసూలు చేస్తామని మెయిల్ పెట్టారు. ఇంతకుముందు ఒక ఇష్యూ (బగ్ ఫిర్యాదు) కింద "ఈ వారాంతంలో చూస్తాను" అని రాసి చూడలేకపోయాను. కొంత డొనేషన్ కూడా తీసుకున్నాను. కేసు నిలుస్తుందా? విసుగొచ్చి రిపో (కోడ్ ఉంచిన చోటు) మూసేద్దామనుకుంటున్నాను, అది తప్పా?

జవాబు: ముందు కాస్త స్థిమితపడండి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఆ కంపెనీ మీ దగ్గర డబ్బు రాబట్టుకోవడం చాలా కష్టం.

మీ రిపోలో లైసెన్స్ ఫైల్ తెరిచి చివరి పేరా చూడండి, అంతా పెద్దక్షరాల్లో అరుస్తున్నట్టు ఉంటుంది. చాలామంది దాన్ని దాటేసి పోతారు గానీ మీకు అన్నిటికన్నా అవసరమైనది అదే. సాఫ్ట్‌వేర్‌ను ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం, ఏ రకమైన వారంటీ లేదు, దీనివల్ల నష్టం వస్తే రచయిత బాధ్యుడు కాడు అని అందులో ఉంది. పెద్దక్షరాలు ఊరికే పెట్టలేదు, వారంటీ లేదన్న మాట చదివేవాడి కంట పడేలా ఉండాలని అమెరికా వాణిజ్య చట్టం కోరుతుంది, ఆ అలవాటే లైసెన్సుల్లోకి వచ్చింది. ఇలాంటి వేరే లైసెన్సులైన అపాచీ 2.0లో 7, 8 సెక్షన్లు, జీపీఎల్ మూడో వెర్షన్‌లో 15, 16 సెక్షన్లు చెప్పేదీ ఇదే. మీ కోడ్ వాడుకునే హక్కు ఆ కంపెనీకి వచ్చిందే ఈ లైసెన్స్ వల్ల, మరి హక్కు మాత్రం ఉంచుకుని షరతు మాకు వద్దంటే ఎలా కుదురుతుంది?

అయితే ఆ పేరా అన్నిటికీ కవచం కాదు. కావాలని చెడగొట్టిన పనికి చాలా దేశాల్లో అది రక్షణ ఇవ్వదు. 2022 జనవరిలో కలర్స్, ఫేకర్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీలను వాటిని నడిపే మెయింటైనరే పాడుచేశాడు. పెద్ద కంపెనీలు తన శ్రమను ఉచితంగా వాడుకుంటున్నాయన్న కోపం అతనికి చాలాకాలంగా ఉంది. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ క్లయింటు ఎవరైనా అలా చేస్తానంటే చెయ్యి పట్టుకుని ఆపుతాను, ఎందుకంటే పొరపాటున దొర్లిన బగ్ వేరు, తెలిసి పెట్టిన బగ్ వేరు, రెండోదాంట్లో సివిల్ బాధ్యతే కాక కొన్నిచోట్ల క్రిమినల్ కేసు కూడా రావచ్చు.

ఇక మీ "వారాంతంలో చూస్తాను". ప్రతిఫలం ఏమీ పుచ్చుకోకుండా అన్న మాట మామూలుగా కాంట్రాక్టు కాదు, దాని మీద కేసు కట్టడం కష్టం. అయినా ఇకమీదట తేదీలు రాయకండి. "వీలైనప్పుడు చూస్తాను" చాలు, అసలు చూసే ఉద్దేశం లేకపోతే ఆ మాటే నేరుగా చెప్పండి.

డొనేషన్ గురించి కొంచెం జాగ్రత్తగా ఆలోచించాలి. ఎవరో అభిమానంతో ఇచ్చిన డబ్బు మిమ్మల్ని కట్టిపడేయదు. కానీ స్పాన్సర్ పేజీలో "ఇంత ఇస్తే మీ బగ్‌లు ముందు చూస్తాం" అని ఉందనుకోండి, అప్పుడది డొనేషన్ కాదు, సేవ అమ్మడం. ఆ కంపెనీ అలాంటి డబ్బు ఇచ్చి ఉంటే నా జవాబు మారుతుంది. ఈరోజే ఆ పేజీ చదివి చూడండి. యూరప్‌లో 2024లో వచ్చిన సైబర్ రెసిలియన్స్ చట్టం కూడా వ్యాపారం కోసం ఇచ్చే సాఫ్ట్‌వేర్‌ను, అలా కాకుండా ఇచ్చే ఓపెన్ సోర్స్‌ను వేరుగానే చూస్తుంది. దాని ప్రధాన బాధ్యతలు 2027 డిసెంబర్ 11 నుంచి అమలవుతాయి. ఆ భారం ముఖ్యంగా మీ కోడ్‌ను తమ ప్రోడక్ట్‌లో పెట్టి అమ్ముకునేవాళ్ల మీద పడుతుంది.

రిపో మూసే హక్కు మీకు పూర్తిగా ఉంది. కానీ డిలీట్ చేయకండి, ఆర్కైవ్ చేయండి, అంటే మార్పులు ఆపి చూడటానికి మాత్రం ఉంచండి. 2016 మార్చిలో జావాస్క్రిప్ట్ కోడ్ పంచుకునే ఎన్‌పీఎం నుంచి లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు లైన్ల కోడ్ తీసేస్తే దాని మీద ఆధారపడిన ఎన్నో ప్రాజెక్టుల బిల్డ్‌లు ఆగిపోయాయి, మీ పనిని మర్యాదగా వాడుకుంటున్నవాళ్లను ఆ ఇబ్బందిలో ఎందుకు పెట్టాలి? కోడ్ అక్కడే ఉంటే కావలసినవాళ్లు ఫోర్క్ చేసుకుని, అంటే సొంత కాపీ తీసుకుని సరిచేసుకుంటారు, ఆ కంపెనీ కూడా.

ఇంకో మాట, మీరు అడగలేదు గానీ చెప్పాలి. ఇంత అలసటలో ఉన్నప్పుడు "నేను చూసుకుంటాను, నాకు ఇచ్చేయండి" అని ముక్కూమొహం తెలియనివాడు వస్తే తాళాలు చేతిలో పెట్టేయకండి. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం విషయంలో జరిగింది అదే. 2022లో కొన్ని ఖాతాలు పనిగట్టుకుని మెయింటైనర్ పని నెమ్మదిగా ఉందని అతన్ని సాధించాయి, మెల్లగా మరొకరికి అధికారం దక్కింది, 2024 మార్చికల్లా ఆ కోడ్‌లో దొంగదారి బయటపడింది.

మెయిల్‌కు జవాబు రెండు వాక్యాల్లో ఇవ్వండి: ఈ సాఫ్ట్‌వేర్ ఎంఐటీ లైసెన్స్ కింద వారంటీ లేకుండా ఇచ్చాను, సరిచేసిన ప్యాచ్ (కోడ్ సవరణ) పంపితే పరిశీలిస్తాను. క్షమాపణ, తప్పు ఒప్పుకోవడం, గడువు, ఈ మూడూ అందులో ఉండకూడదు. ఆ తర్వాత లాయర్ నోటీసో కోర్టు కాగితమో వస్తే మాత్రం పక్కన పడేయకుండా మీ దగ్గర్లోని వకీలుకు అదే రోజు చూపించండి, లైసెన్స్ ఫైల్, స్పాన్సర్ పేజీ, ఆ ఇష్యూలో మీరు రాసినవి ప్రింటు తీసి వెంట తీసుకెళ్లండి.